శాన్ ఆంటోనియోలో అవాన్సే అనే సంస్థ ఎలా మొదలైంది? పిల్లల బడి కాకుండా తల్లుల క్లాసు ఎందుకు?

సిరి_టెక్సాస్ అడిగారు:

అందరికీ నమస్తే. మేం టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియో వచ్చి ఏడాది కావస్తోంది. నేను హెచ్4 (భర్త ఉద్యోగ వీసాతో పాటు భార్యకి వచ్చే వీసా) మీద ఇంట్లోనే ఉంటున్నాను, మా బాబుకి ఏడాదిన్నర. మా కింది ఇంట్లో హోండురస్ నుంచి వచ్చిన కుటుంబం ఉంటుంది. ఆవిడకి ఇంగ్లిష్ అంతంత మాత్రం, నాకు స్పానిష్ అసలు రాదు, అయినా పిల్లల పుణ్యమా అని బాగా కలిసిపోయాం. ఆవిడ వారానికోసారి పాపని ఎత్తుకుని అవాన్సే అనే చోటికి వెళ్తుంది. ఏదో డేకేర్ అనుకున్నాను. కాదట, క్లాసు తల్లులకేనట, ఆ మూడు గంటలూ పిల్లల్ని అక్కడే వేరే గదిలో చూసుకుంటారట. మొన్న గుడ్డతో కుట్టిన ఒక బొమ్మ తెచ్చి చూపించింది, క్లాసులో తనే కుట్టిందట, ఎంత మురిసిపోయిందో చెప్పలేను.

యాభై ఏళ్ల పైబడిన సంస్థ అని మాత్రం అర్థమైంది. ఇది ప్రభుత్వానిదా, చర్చి వాళ్లదా, ఎవరు పెట్టారు? చదువు కావలసింది పిల్లలకైతే తల్లుల్ని కూర్చోబెట్టి క్లాసు చెప్పడం ఎందుకు? ఇంకో సంగతి, ఈ మధ్య ఆవిడ ఏ ఆఫీసుకి వెళ్లాలన్నా భయపడుతోంది, ఇక్కడికి మాత్రం మానకుండా వెళ్తోంది. ఆ నమ్మకం ఎలా వచ్చిందో తెలుసుకోవాలని ఉంది. ఇక్కడ చాలాకాలంగా ఉన్నవాళ్లు ఎవరైనా చెప్తారా?

మాధవి_టీచరమ్మ:

సిరీ, మంచి ప్రశ్న అడిగావమ్మా. నేను ఈ ఊళ్లో ఎలిమెంటరీ స్కూల్లో పని చేస్తున్నాను, మా స్కూలుకొచ్చే తల్లుల్లో అవాన్సే క్లాసు పూర్తి చేసినవాళ్లు కొంతమంది ఉన్నారు, అందుకే కాస్త వివరంగా రాస్తాను.

ఇది ప్రభుత్వానిది కాదు, చర్చిదీ కాదు. లాభాపేక్ష లేని స్వచ్ఛంద సంస్థ. శాన్ ఆంటోనియోలో 1973లో మొదలైంది. నడిపించినావిడ గ్లోరియా రోడ్రిగెజ్, ఈ ఊరి వెస్ట్ సైడ్‌లోనే, పేద మెక్సికన్ అమెరికన్ కుటుంబంలో పుట్టి పెరిగినావిడ. చిన్నప్పుడే తండ్రి పోతే తల్లి ఒక్కతే పెంచింది. చదువుకుని ఒకటో తరగతి టీచరయ్యింది. ఆవిడకి అప్పజెప్పిన పిల్లలు అప్పటికే "వీళ్లకి చదువు రాదు" అని ముద్ర పడ్డవాళ్లు. ఆరేళ్ల పిల్లలు! వాళ్లకి ఇంగ్లిష్ రాకపోవడం ఒకటే కాదు, స్పానిష్‌లో కూడా రావలసినన్ని మాటలు రాలేదని ఆవిడ గమనించింది. తల్లుల్ని కలిసి మాట్లాడితే తెలిసిందేమిటంటే వాళ్లందరికీ చదువంటే గౌరవమే, పిల్లలు చదువుకోవాలనే ఉంది, కానీ ఏడో తరగతికల్లా మానేస్తారనే అనుకుంటున్నారు, ఎందుకంటే వాళ్లకి జరిగింది అదే.

అలా ఎందుకు అనుకున్నారో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి. టెక్సాస్‌లో 1918లో వచ్చిన చట్టం ప్రకారం బడిలో ఇంగ్లిష్ తప్ప వేరే భాషలో పాఠం చెప్పడం నేరం. నిజంగానే నేరం, టీచరుకి శిక్ష పడేది. రెండు భాషల్లో చెప్పుకోవచ్చని 1969లో గానీ చట్టం మార్చలేదు. ఆ మధ్యకాలంలో బడి ఆవరణలో స్పానిష్ మాట్లాడిన పిల్లల్ని కొట్టారు, "నేను స్పానిష్ మాట్లాడను" అని పేజీలకి పేజీలు రాయించారు. 1973లో ఇరవై, పాతికేళ్ల వయసున్న తల్లులంటే సరిగ్గా ఆ బడుల్లోంచి బయటికొచ్చినవాళ్లన్నమాట. పిల్ల పుట్టగానే "దానితో మాట్లాడు, పాటలు పాడు, కథలు చెప్పు" అని వాళ్లకి చెప్పేవాళ్లెవరు? ఏ భాషలో మాట్లాడాలి, తమ భాషలో మాట్లాడితే పిల్ల చెడిపోతుందేమో అన్న భయం వాళ్లలో బాగా నాటుకుపోయింది.

అందుకే రోడ్రిగెజ్ ఒకటో తరగతి దాకా ఆగితే ఆలస్యమైపోతుందనుకుంది. వెస్ట్ సైడ్‌లో మిరసోల్ అనే ప్రభుత్వ గృహసముదాయం ఉండేది, ఇప్పుడు దాన్ని పడగొట్టేశారు. అక్కడ ఇంటింటికీ వెళ్లి తలుపు కొట్టి మూడేళ్లలోపు పిల్లలున్న తల్లుల్ని పిలిచారు. తొమ్మిది నెలల కోర్సు, వారానికి మూడు గంటలు. ఒక గంట బొమ్మల తయారీ, మీ కింది ఇంటావిడ చూపించింది అదే. పాత గుడ్డలు, అట్టముక్కలు, ఇంట్లో దొరికేవే. ఆ బొమ్మతో పిల్లకి ఏం నేర్పొచ్చో కూడా చెప్తారు, ఈ బొమ్మ రంగులకి, ఇది లెక్కకి, ఇది కథ చెప్పడానికి అని. ఇంకో గంట పిల్లల ఎదుగుదల గురించి, తిండి, నిద్ర, మాటలు, మారాం, కొట్టకుండా క్రమశిక్షణ నేర్పడం ఎలా, ఇలాంటివి. మూడో గంట ఊళ్లో ఉన్న సౌకర్యాలు, క్లినిక్ ఎక్కడ, లైబ్రరీ ఎక్కడ, ఇంగ్లిష్ క్లాసులు ఎక్కడ అని ఆయా చోట్ల పనిచేసేవాళ్లనే పిలిపించి చెప్పిస్తారు. ఇవి కాక ఇంటికొచ్చి చూసి వెళ్తారు కూడా.

నాకు అన్నిటికన్నా నచ్చేది చివర్లో జరిగే పట్టాల పండగ. గౌను, టోపీ వేయించి తల్లులకి గ్రాడ్యుయేషన్ చేస్తారు. వాళ్లలో చాలామందికి జీవితంలో అదే మొదటి గ్రాడ్యుయేషన్. కుటుంబమంతా వస్తుంది, ఊళ్లో బామ్మలు కూడా వస్తారు, ఏడవనివాళ్లుండరు.

రమణ_డాలస్:

మాధవి గారు బాగా రాశారు. ఒక చిన్న చేర్పు, మా ఊరి గురించి కాబట్టి వదల్లేకపోతున్నాను. అవాన్సే మొదట ప్రయత్నించింది డాలస్‌లో. కార్నెల్ యూనివర్సిటీలో యూరీ బ్రోన్‌ఫెన్‌బ్రెన్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఉండేవారు, పిల్లవాడిని ఒంటరిగా చూడకూడదు, ఇల్లు, వీధి, బడి, ఆ ఊరి పరిస్థితులు అన్నీ కలిపి చూడాలి అని చెప్పినాయన. ఆయన ప్రభావంతో ఆయన విద్యార్థులు వేసిన ప్రణాళిక ఇది. డబ్బు జేల్ ఫౌండేషన్ ఇచ్చింది. ఇక్కడి మాల్స్‌లో జేల్స్ నగల దుకాణాలు చూసుంటారు కదా, ఆ కుటుంబం పెట్టిన ఫౌండేషనే. డాలస్‌లో పెట్టినది ఎక్కువకాలం నిలవలేదు, 1973లో శాన్ ఆంటోనియోలో పెట్టినది వేళ్లూనుకుంది. డాలస్‌కి అవాన్సే తిరిగొచ్చింది 1990ల్లో. ఒకే ప్రణాళిక, ఒకే దాత, ఒక ఊళ్లో నిలిచింది, ఒక ఊళ్లో నిలవలేదు. నా ఉద్దేశంలో తేడా అంతా రోడ్రిగెజ్ ఆ వీధుల్లో పుట్టిన మనిషి కావడమే. సిరి గారు అడిగిన నమ్మకం సంగతికి సగం జవాబు ఇక్కడే ఉంది.

ఇదే బ్రోన్‌ఫెన్‌బ్రెన్నర్ 1965లో హెడ్‌స్టార్ట్‌కి రూపమిచ్చినవాళ్లలో ఒకరు. హెడ్‌స్టార్ట్ అంటే పేద పిల్లలకి బడికి ముందు చదువు, తిండి, వైద్యం అన్నీ కలిపి ఇచ్చే ఫెడరల్ కార్యక్రమం, మన అంగన్‌వాడీలకి దగ్గరగా ఉంటుంది (అంగన్‌వాడీలు 1975లో మొదలయ్యాయి, అంటే దాదాపు ఒకే కాలం). హెడ్‌స్టార్ట్‌ని మొదలుపెట్టిన అధ్యక్షుడు లిండన్ జాన్సన్ టెక్సాస్ వాడే. ఆయన కాలేజీలో ఉండగా 1928లో డబ్బుల్లేక చదువు ఆపి, కొటుల్లా అనే చిన్న ఊళ్లో మెక్సికన్ పిల్లల బడిలో టీచరుగా పనిచేశాడు. ఆ ఊరు శాన్ ఆంటోనియో నుంచి లరేడో వెళ్లే దారిలోనే ఉంది. పొద్దున ఏమీ తినకుండా బడికొచ్చే ఆ పిల్లల గురించి 1965 మార్చిలో ఓటు హక్కు బిల్లు మీద చేసిన ప్రసంగంలో కూడా చెప్పాడు. కాబట్టి దక్షిణ టెక్సాస్ మెక్సికన్ పిల్లల కథ అమెరికా మొత్తం పిల్లల విధానాల్లో చాలా లోపలిదాకా ఉంది.

హెడ్‌స్టార్ట్ మొదట్లో మూడు నాలుగేళ్లు దాటిన పిల్లలకే. మూడేళ్లలోపు వాళ్ల కోసం ఎర్లీ హెడ్‌స్టార్ట్ వచ్చింది 1994 చట్ట సవరణతో. అవాన్సే అంతకు ఇరవై ఏళ్ల ముందే ఆ వయసు దగ్గర మొదలుపెట్టింది, ఇది చిన్న విషయం కాదు.

కృష్ణాతీరం:

అన్నీ బాగున్నాయి గానీ నాకు ఇందులో ఒక ఇబ్బంది ఉంది, చెప్పకుండా ఉండలేను. పేదపిల్లలు చదువులో వెనకబడితే "తల్లికి పెంచడం రాదు, ఆమెకి నేర్పుదాం" అనడం నాకు మింగుడుపడదు. 1960ల్లో అమెరికాలో ఇలాంటి ఆలోచన చాలా నడిచింది, పేదల సంస్కృతిలోనే లోపం ఉందని. ఆ ఆలోచన వల్ల అసలు దోషులు తప్పించుకుంటారు.

ఇదే శాన్ ఆంటోనియో, ఇదే వెస్ట్ సైడ్, ఇదే 1973 తీసుకోండి. అక్కడ ఎడ్జ్‌వుడ్ అనే స్కూల్ డిస్ట్రిక్ట్ (ఆ ప్రాంతపు ప్రభుత్వ బళ్లని నడిపే విభాగం) ఉంది. 1968 మేలో ఆ హైస్కూల్ పిల్లలు క్లాసులు వదిలి బయటికొచ్చారు, కిటికీలు పగిలిపోయాయి, టాయిలెట్లు పనిచేయవు, అర్హత ఉన్న టీచర్లు లేరు అని. ఆ తర్వాత తల్లిదండ్రులు కోర్టుకెళ్లారు. వాళ్లలో ముందున్నాయన డిమెట్రియో రోడ్రిగెజ్ (గ్లోరియా రోడ్రిగెజ్‌కి బంధువు కాదు, ఇంటిపేరు ఒకటే). కేసులో తేలిన లెక్క చూడండి: ఎడ్జ్‌వుడ్‌లో ఒక్కో పిల్లవాడి మీద ఏడాదికి 356 డాలర్లు, అదే ఊళ్లో ధనికుల పేట అలమో హైట్స్‌లో 594 డాలర్లు. పైగా ఎడ్జ్‌వుడ్ వాళ్లు ఆస్తి పన్ను ఎక్కువ రేటుకి కడుతున్నారు! బళ్లకి కొంత డబ్బు ఆ ప్రాంతపు ఆస్తి పన్ను నుంచే రావాలి, అక్కడ ఇళ్ల విలువే తక్కువ కాబట్టి ఎంత కట్టినా చాలదు. 1973 మార్చి 21న సుప్రీంకోర్టు 5-4 తేడాతో తల్లిదండ్రులకి వ్యతిరేకంగా తీర్పిచ్చింది, చదువు అనేది ఫెడరల్ రాజ్యాంగం హామీ ఇచ్చిన హక్కు కాదు అంది. రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ పద్ధతి చెల్లదని చెప్పేసరికి 1989 అయింది, ఒక తరం పిల్లల చదువు అయిపోయింది.

మరి ఇందులో తల్లులు నేర్చుకోవలసింది ఏముంది? డబ్బిస్తే బళ్లు బాగుపడతాయి. గుడ్డబొమ్మలు కుట్టించడం మంచిదే, కాదనను, కానీ దాన్నే పరిష్కారంగా చెప్తే నాకు బాధగా ఉంటుంది.

ఇంకోటి, ఇదంతా చదివితే వీళ్లందరూ వలస కుటుంబాలే అనిపించొచ్చు, అది నిజం కాదు. 1836 దాకా టెక్సాస్ మెక్సికోలో భాగం. వెస్ట్ సైడ్‌లో ఎంతోమంది తరతరాలుగా అక్కడే ఉన్నవాళ్లు. వాళ్లని కూడా కొత్తగా వచ్చినవాళ్లలాగే చూశారు, అదీ అన్యాయమే.

మాధవి_టీచరమ్మ:

కృష్ణాతీరం గారూ, మీరు ఎడ్జ్‌వుడ్ కేసు గురించి రాసిన ప్రతి మాటా నిజం, అది రాసినందుకు థ్యాంక్స్. కానీ దాన్ని అవాన్సేకి ఎదురుగా నిలబెట్టడం మాత్రం నేను ఒప్పుకోలేను. రోజూ ఈ తల్లుల్ని చూస్తున్నదాన్ని కాబట్టి కాస్త గట్టిగానే చెప్తున్నాను.

మిరసోల్ లాంటి చోట పాతికేళ్ల అమ్మాయి, ముగ్గురు పిల్లలు, మొగుడు పొద్దున్నే పనికి వెళ్తే రాత్రికి గానీ రాడు, కారు లేదు, భాష రాదు, అమ్మ ఎక్కడో సరిహద్దు అవతల. నాలుగు గోడల మధ్య ఒక్కతే. ఆ మనిషిని కోర్టు కేసుకి రమ్మంటే వస్తుందా? ముందు ఆ గది దాటి బయటికి రావాలి. అవాన్సే చేసిన మొదటి పని అది, అందుకే ఇంటింటికీ వెళ్లి పిలవడం, వచ్చేందుకు బండి ఏర్పాటు చేయడం, పిల్లల్ని చూసుకోవడం. ఈ మూడూ లేకపోతే పాఠం ఎంత గొప్పదైనా వినేవాళ్లు రారు.

రెండో సంగతి, క్లాసు పూర్తి చేసిన తల్లులనే తిరిగి ఉద్యోగంలోకి తీసుకున్నారు. మొదట పిల్లల గదిలో సహాయకులుగా, తర్వాత ఇళ్లకి వెళ్లేవాళ్లుగా, తర్వాత పాఠం చెప్పేవాళ్లుగా. సిబ్బందిలో పెద్ద భాగం అలా వచ్చినవాళ్లే. "మీకు పెంచడం రాదు" అని పైనుంచి చెప్పే సంస్థ అయితే ఇలా జరగదు కదా. పక్కింటావిడే వచ్చి "నాకూ ఇలాగే ఉండేది" అని చెప్పడం వేరు.

ఫలితాల గురించి కూడా దాచకుండా చెప్తాను. కార్నెగీ కార్పొరేషన్ అనే దాతృత్వ సంస్థ డబ్బుతో బయటి పరిశోధకులు దీన్ని పరిశీలించారు, 1991లో నివేదిక వచ్చింది. తల్లుల్లో మార్పు స్పష్టంగా కనిపించింది, పిల్లలతో మాట్లాడటం, ఆడటం, తాము మళ్లీ చదువుకోవడం, ఇవన్నీ పెరిగాయి. పిల్లల పరీక్షల్లో అంత తేడా వెంటనే రాలేదు. అంటే ఇది మంత్రం కాదు, బడి బాగాలేకపోతే ఇంట్లో ఎంత చేసినా కొంతవరకే, ఆ మాట మీతో కలిసి నేనూ అంటాను.

అదే వెస్ట్ సైడ్‌లో 1974లో కాప్స్ అనే ప్రజాసంఘం పుట్టింది, ఎర్నెస్టో కోర్టెస్ అనే ఆయన చర్చిల ద్వారా జనాన్ని కూడగట్టి. వాన పడితే వెస్ట్ సైడ్ వీధులు మునిగిపోయేవి, పిల్లలు నీళ్లలో నడిచి బడికెళ్లేవాళ్లు, డ్రైనేజీ కోసం సిటీ హాల్‌ని నిలదీశారు, సాధించారు. అందులో ఆడవాళ్లే ముందుండి మాట్లాడారు. కాబట్టి కోర్టు, డ్రైనేజీ, తల్లుల క్లాసు, మూడూ ఒక పేటలో ఒకే సమయంలో జరిగాయి. మూడూ కావాలి.

వాసు_వ్యాలీ:

నేను రియో గ్రాండే వ్యాలీలో, మెక్సికో సరిహద్దు దగ్గర డాక్టర్ని. మనవాళ్లు చాలామంది జే1 వెయివర్ (శిక్షణ అయ్యాక స్వదేశానికి తిరిగి వెళ్లక్కర్లేదనే మినహాయింపు) మీద డాక్టర్లు తక్కువున్న ఇలాంటి ప్రాంతాలకి వస్తారు, నేనూ అలాగే వచ్చి ఉండిపోయాను. అవాన్సే 1980ల్లో ఇటువైపు కూడా వచ్చింది.

ఇక్కడ ఊళ్ల బయట కొలోనియాలు అని ఉంటాయి. పనికిరాని పొలాన్ని ముక్కలు చేసి వాయిదాల మీద పేదలకి అమ్మేశారు, నీళ్లు లేవు, మురుగుకాలువ లేదు, రోడ్డు లేదు. కొన్ని చోట్ల ఇప్పటికీ అంతే. కూలి పనులకి వెళ్లే కుటుంబాలు కొంచెం కొంచెంగా రేకులతో, ఇటుకలతో కట్టుకుంటూ పోతాయి. వాన పడితే అంబులెన్స్ లోపలికి రాలేదు. అలాంటి చోట తల్లి దగ్గరికి ఎవరో ఒకరు నడిచి వెళ్లడం ఎంత విలువైన పనో నా క్లినిక్‌లో కూర్చుని నాకు తెలుస్తుంది. టీకాలు సమయానికి వేయించేది, పిల్లకి మాటలు ఆలస్యమయ్యాయని రెండేళ్లకే గమనించి తీసుకొచ్చేది, తరచుగా ఇలాంటి క్లాసులకి వెళ్లే తల్లులే.

సిరి గారు భయం గురించి అడిగారు. దీని వెనక చట్టం సంగతి తెలుసుకోవాలి. వలస పత్రాలు లేని పిల్లలకి బడిలో సీటు ఇవ్వనక్కర్లేదని టెక్సాస్ 1975లో చట్టం తెచ్చింది. టైలర్ ఊళ్లో స్కూళ్లు ఒక్కో పిల్లకి ఏడాదికి 1,000 డాలర్లు అడిగాయి. 1982లో ప్లైలర్ కేసులో సుప్రీంకోర్టు అది చెల్లదంది, అదీ 5-4 తేడాతోనే. కానీ ఆ తీర్పు కాపాడేది ప్రభుత్వ బడిని. ఒళ్లో పిల్ల ఉన్న తల్లికి, మూడేళ్లలోపు వయసుకి అలాంటి రక్ష ఏదీ లేదు. ఆ ఖాళీలో నిలబడ్డవి ఇలాంటి సంస్థలే. హెడ్‌స్టార్ట్ మొదలైనప్పటి నుంచి వలస పత్రాలు అడగలేదు, 2025 జూలైలో ఫెడరల్ ప్రభుత్వం ఆ పద్ధతి మార్చబోయింది, పత్రాలు లేనివాళ్లకి ఇవ్వకూడదని. కొన్ని కోర్టులు దాన్ని ఆపాయి. అయినా ఆ వార్త వినగానే అమెరికాలోనే పుట్టిన, అన్ని హక్కులూ ఉన్న పిల్లల్ని కూడా తల్లిదండ్రులు క్లినిక్‌కి తీసుకురావడం తగ్గించారు, ఇది నేను కళ్లారా చూశాను. చాలా కోపం వస్తుంది.

మీ కింది ఇంటావిడ అక్కడికి మానకుండా వెళ్తోందంటే, తనకి తెలిసిన ఇంకో తల్లి అక్కడ పనిచేస్తుండబట్టే అయ్యుంటుంది. ఇక్కడ నమ్మకం అలా మనిషి నుంచి మనిషికే వస్తుంది.

సిరి_టెక్సాస్:

అందరికీ చాలా చాలా థ్యాంక్స్. వాసు గారూ, మీరు అన్నది నిజమే, అడిగాను, తన దూరపు చుట్టం అక్కడ పిల్లల గదిలో పనిచేస్తుందట. కృష్ణాతీరం గారూ, నేను రోజూ వెళ్లే దారిలోనే ఎడ్జ్‌వుడ్ బోర్డు ఉంటుంది, ఇంత కథ ఉందని ఇప్పుడే తెలిసింది. మాధవి అక్కా, ఒక్క ప్రశ్న, స్పానిష్ రాని నాలాంటిదాన్ని కూడా రానిస్తారా? మా బాబుతో రోజంతా ఇంట్లో ఒక్కదాన్నే ఉంటున్నాను, మీరు రాసిన ఆ నాలుగు గోడల మాట చదివాక అడగాలనిపించింది.

మాధవి_టీచరమ్మ:

సిరీ, అడగడంలో తప్పేం లేదమ్మా. క్లాసులు ఎక్కువగా స్పానిష్‌లో ఉంటాయి, ఇంగ్లిష్ బ్యాచ్ ఉందా, మీ కుటుంబానికి కుదురుతుందా అన్నది సెంటర్ని బట్టి ఉంటుంది. ఒకసారి మీ కింది ఇంటావిడతో కలిసి వెళ్లి కనుక్కో. కోర్సు సాధారణంగా సెప్టెంబర్‌లో మొదలై మేలో అయిపోతుంది కాబట్టి వేసవిలోనే పేరు రాయించుకోవాలి. కుదరకపోతే లైబ్రరీలో పసిపిల్లల కథల గంట ఉంటుంది, దానికి డబ్బు కట్టక్కర్లేదు. శనివారాలు నాకు ఖాళీయే, మీ బాబుని తీసుకుని మా ఇంటికి రా. నాకు పర్సనల్ మెసేజ్ పెట్టు, అడ్రస్ పంపిస్తాను.